బండ నెర్రెల్లో మయూరశిఖ

హైదరాబాద్‌లోని మైలార్‌దేవ్‌పల్లి కార్ఖానాల వెనక ఇంకా కొన్ని గుట్టలు మిగిలాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ముసురు వెలిసిన మర్నాడు ఒక గుట్టకు ఉత్తరం వైపు ఎక్కాను. ఎండ నేరుగా తగలని ఆ పక్కనే ఫెర్న్‌లు ఎక్కువ.

రెండు బండలు ఒరుసుకున్న నెర్రెలో పిడికెడు మట్టి. అందులో గుంపుగా మయూరశిఖ అనే ఫెర్న్. శాస్త్రవేత్తలు ఆక్టినియోప్టెరిస్ రేడియాటా అంటారు. ఎత్తు జానెడైనా లేదు. తాటాకును బొటనవేలంతకు కుదించినట్టు కాడ కొసన చీలికలుగా విచ్చుకున్న ఆకు. తిప్పి భూతద్దంలో చూశాను. చీలికల అంచులు లోపలికి మడుచుకున్నాయి. ఆ మడతల కింద గోధుమరంగు సిద్ధబీజాశయాలు వరుసగా ఉన్నాయి. పువ్వూ విత్తనమూ లేని ఈ మొక్క వంశాన్ని నిలిపేవి అవే.

గాలికి కొట్టుకొచ్చిన సిద్ధబీజం నుంచి మొదట గోరుకన్నా చిన్న పచ్చటి పొర పెరుగుతుంది. ఫెర్న్‌లలో సాధారణంగా దానిపై తడి ఉంటేనే పురుషకణం ఈదుకుంటూ స్త్రీకణాన్ని చేరుతుంది. మన కంటికి కనిపించే మొక్క ఆ తర్వాతే పుడుతుంది. అందుకే నీడా చెమ్మా నిలిచే నెర్రె దీనికి అంత అవసరం.

అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. "ఎండకాలం ముడుసుకపోయి సచ్చినట్టుంటది సార్. వాన పడ్డదంటే మల్ల పచ్చగైతది" అన్నాడు. ఆయన చూసింది నిజం. ఆకులో నీరు దాదాపుగా ఇంకిపోయినా మయూరశిఖ ప్రాణం నిలుపుకుంటుంది, తడి తగలగానే తేరుకుంటుంది. ఆఫ్రికా, అరేబియాల నుంచి మన దక్కను దాకా పొడి నేలల్లో అది బతుకుతున్నది ఈ శక్తితోనే.

టెరిడేసి కుటుంబంలో దీనికి చుట్టాలు చాలానే ఉన్నాయి. చెమ్మ కోరే హంసపాదికి నిగనిగలాడే నల్లటి కాడ. దాని ఆకు కొస నేలను తాకితే అక్కడే వేళ్లూని కొత్త మొక్క లేస్తుంది. ఆకు అడుగున తెల్లటి పొడి పట్టి ఉండే వెండి ఫెర్న్ కూడా ఈ కుటుంబానిదే.

హైదరాబాద్ బండలను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. అయినా గుట్టను పేల్చేచోట ఇప్పటికీ కంకర టన్నులే లెక్కకొస్తాయి. కొట్టేసిన చెట్టుకు బదులు ఇంకో చెట్టు నాటవచ్చు. ఏళ్ల తరబడి మట్టి చేరిన నెర్రెను మాత్రం తిరిగి తేలేం. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు చెట్లతోపాటు బండల మీది మొక్కలనూ నమోదు చేయాలి. పార్కుల్లో మిగిలిన బండల నెర్రెలను సిమెంటుతో పూడ్చడం వెంటనే ఆపాలి.