వికారానికి ఎన్ని మార్కులు?

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ప్రాజెక్టు పని మీద యానాం వెళ్తుంటే నేనూ బయల్దేరాను. వీఆర్ హెడ్‌సెట్‌లో హెలికాప్టర్ నడిపే చిన్న సిమ్యులేటర్ ఒకటి తయారుచేశాడు. గౌతమి మీదుగా ఎగిరి, ఎదుర్లంక వారధి దాటి, సముద్రపు మొగ దాకా వెళ్లి రావాలి. ఆ వారధికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే, 2002 మార్చి 3న, కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారాయన. అందుకే నాకు ఇది పిల్లల ఆటలా అనిపించలేదు.

నీళ్ల మీద బతికేవాళ్లకు ఇందులో ఏమవుతుందో చూడాలని వాడి కోరిక. చేతిలో కాగితాల కట్ట ఉంది. సిమ్యులేటర్ వల్ల కలిగే వికారాన్ని కొలవడానికి 1993లో రాబర్ట్ కెనెడీ బృందం ప్రచురించిన ప్రశ్నావళి అది. అమెరికా నౌకాదళపు 10 సిమ్యులేటర్లలో, ఎక్కకముందూ దిగాకా పైలట్లు చెప్పిన జవాబుల నుంచి తయారైంది. తలనొప్పి, చెమట, నోట్లో నీళ్లూరడం, త్రేన్పులు, చూపు మసకబారడం, కళ్లు మూసుకున్నా తల తిరగడం... మొత్తం 16 లక్షణాలు. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు.

రాత్రంతా చేపల వేటకెళ్లి వచ్చిన ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. ముందు కాగితంలోనే అలసటకూ కళ్ల మంటకూ ఒక్కో మార్కు పడింది. అది వేటది కాబట్టి హెడ్‌సెట్ లెక్కలోంచి తీసెయ్యాలి. ముందు కాగితం రాయించకుండా తర్వాతిది రాయించడం దండగ పని.

హెలికాప్టర్ కుడికి ఒరిగింది. పెద్దాయన భుజమూ ఒరిగింది. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం కదల్లేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు, పై పెదవి మీద చెమట పట్టింది, గుటకలు మింగుతున్నాడు. చుట్టూ తోటి వేటగాళ్లు మూగారు.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఆయ్, బాగానే ఉందండి."

కాగితంలో కొత్తగా ఒక్క మార్కూ పడలేదు. పక్కకు తీసుకెళ్లి మళ్లీ అడిగితే, "నోట్లో నీళ్లూరుతున్నాయి బాబూ. కళ్లు మూసుకున్నా గిర్రున తిరుగుతోంది" అన్నాడు. నీళ్లూరడానికి 2, చెమటకు 1, తల తిరగడానికి 2. ప్రశ్నావళి లెక్క ప్రకారం ఆ ఐదునీ 3.74తో హెచ్చిస్తే 18.7. మొత్తం 20 దాటిన సిమ్యులేటర్‌ని బాగాలేనిదిగా లెక్కేసే కొలమానం ఒకటుంది. అంటే అందరి ముందు సున్నా, ఒంటరిగా దాదాపు ఆ గీత దగ్గర!

అలల మీద చలించనివాడికి కుర్చీలో ఎందుకిలా? పడవలో కంటికి కనిపించే కదలికా, లోపలి చెవికి తెలిసే కదలికా ఆయనకు కలిసే వస్తాయి. పైగా చుక్కాని తన చేతిలోనే ఉంటుంది, తర్వాతి ఊపు ఎటో ముందే తెలుస్తుంది. ఇక్కడ కన్ను ఎగిరానంటుంది, చెవి కూర్చున్నానంటుంది. ఆ తగువే వికారం. అసలు కదలిక ఎలా ఉంటుందో ఒంటికి ఎంత బాగా తెలిస్తే తగువు అంత ముదరవచ్చు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళపు హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో శిష్యులకన్నా అనుభవమున్న బోధకులకే ఎక్కువ ఇబ్బంది కలిగింది. కాబట్టి ఇది పిరికితనం కాదని పెద్దాయనకు నేను గట్టిగా చెప్పాను.

2021లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ తొలిసారి ఒక వీఆర్ హెలికాప్టర్ సిమ్యులేటర్‌ను శిక్షణకు ఆమోదించింది. రేపు మన పిల్లలూ ఇలాంటి కుర్చీల్లోనే నేర్చుకుంటారు. లైసెన్సు పోతుందన్న భయంతో "బాగానే ఉందండి" అంటే ఆ కాగితం ఎవరికీ పనికిరాదు. జవాబు పరీక్షాధికారి చేతికి పోకూడదు, పక్కవాడి చెవినా పడకూడదు.

తర్వాత మావాడు ఒక్కొక్కరినే వలలు పెట్టుకునే గదిలోకి పిలిచాడు. హెడ్‌సెట్ తీయకుండానే, నిమిషానికోసారి, 0 నుంచి 20 దాకా ఒక్క అంకె చెప్పమన్నాడు. 2011లో కెషావర్జ్, హెక్ట్ చెప్పిన పద్ధతి అది. రెండో మనిషి నిమిషం నిమిషానికీ అంకె పెంచుకుంటూ పోయి, పదకొండు అనగానే మావాడు ఆపేశాడు. పెద్దాయన మోటారుసైకిల్ తాళం మా దగ్గరే పెట్టుకుని, కళ్లు కుదుటపడేదాకా చెట్టు కింద కూర్చోబెట్టాం. సిమ్యులేటర్‌లో వికారం వచ్చిన సైనిక పైలట్లనూ వెంటనే విమానం ఎక్కనివ్వరు కదా.