దువ్వెన పళ్లు... గోడ మీద నెమళ్లు

ఇంటికి రంగులేయించాలంటే ముందు పెయింటర్ని పిలిచి లెక్క కట్టించాలి. లప్పం ఎన్ని కిలోలు, ప్రైమర్ ఎన్ని లీటర్లు, కూలి ఎంత... ఆ కాగితం చూశాక 'వచ్చే ఏడాది చూద్దాంలే' అనుకునే ఇళ్లే ఎక్కువ. జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లా పల్లెల్లో మట్టి ఇళ్లున్న రైతులకు ఈ బెంగ లేదు. వాళ్ల గోడలకు ఏటా కొత్త రంగులు పడతాయి. ఒట్టి రంగులేనా! ఏనుగులు, నెమళ్లు, చేపలు, దూడను కడుపులో మోస్తున్న ఆవులు... ఈ చివర నుంచి ఆ చివరిదాకా బారులు తీరతాయి. ఖర్చంటారా? తట్టెడు మట్టి మోసుకొచ్చే ఓపిక. కుంచె అంటారా? పొద్దున్నే పళ్లు తోముకునే పందుంపుల్ల. అదీ కాదంటే విరిగిపోయిన దువ్వెన ముక్క.

ఈ బొమ్మలకు రెండు పేర్లు. దీపావళి పండగకు వేసేవి 'సొహరాయ్'. పెళ్లిళ్లకు వేసేవి 'ఖోవర్'. రెండూ ఆడవాళ్ల చేతిపనే. అమ్మ వేస్తుంటే కూతురు పక్కన కూర్చుని మట్టి కలుపుతుంది, ఖాళీ మూలల్లో చుక్కలు పెడుతుంది. కొన్నేళ్లకు తానే గోడ పడుతుంది. బడి లేదు, పుస్తకం లేదు. కుర్మీ, గంజూ, ప్రజాపతి, ముండా, ఉరావ్, సంతాల్... ఇలా గిరిజనులతోపాటు వ్యవసాయం, చేతివృత్తులు చేసుకునే కులాల వాళ్లూ ఈ పని చేస్తారు. గంజూల ఇళ్లమీద అడవి జంతువులు, పక్షులు ఎక్కువ. కుర్మీల గోడమీద తామరపూలు, జంతువు వీపుమీద నిలబడ్డ పశుపతి కనిపిస్తాడు. తెలిసినవాళ్లు గోడ చూసి ఇల్లెవరిదో చెప్పేస్తారట.

వాన వెలిసిందంటే...

ఛోటానాగ్‌పూర్ పీఠభూమిలో వానలు గట్టిగానే పడతాయి. మట్టిగోడ నాలుగు నెలలు తడిసి, పెచ్చులూడి, అడుగున కోసుకుపోతుంది. వానలు తగ్గి వరి కంకి పట్టే వేళకు ఆడవాళ్లు గోడల పని మొదలెడతారు. ముందు గుంటలు పూడుస్తారు. తర్వాత మట్టి, పేడ కలిపి అలుకుతారు. దానిమీద తెల్లమట్టి పూత. అదంతా అయ్యాకే బొమ్మలు. బయటివాళ్ల కళ్లు బొమ్మల దగ్గర ఆగిపోతాయి గానీ, ఇంటామెకు అసలు పని గోడ నిలబెట్టడం. పోయినేడు వేసిన నెమలి ఈ ఏడు అలుకుడు కిందికి పోతుంది. దాని గురించి ఎవరూ బాధపడరు, మళ్లీ వేస్తారు.

రంగులు నాలుగే. ఎర్రటి జేగురు, పసుపుమట్టి, పాలలా తెల్లగా ఉండే 'దూధీమాటీ', మాంగనీసు కలిసిన నల్లమట్టి. ఏ వాగు గట్టున ఏ మట్టి దొరుకుతుందో ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు. తెచ్చిన గడ్డల్ని చిదిపి, నీళ్లలో నానేసి, పాత చీర ముక్కలో వడగడతారు. సాలచెట్టు పుల్ల కొసను కుచ్చులా అయ్యేదాకా నమిలితే కుంచె తయారు. వెడల్పు గీతలకు గుడ్డపీలిక. కొందరు ముందు ఎర్రగీత గీస్తారు. అది పూర్వీకుల రక్తమట. దాని పక్కన నల్లగీత... శివుడికి గుర్తు. ఆఖరున తెల్లగీత. అది గింజ, అంటే తిండి. మూడు గీతల్లో తాతముత్తాతలు, దేవుడు, అన్నం వచ్చేశాయన్నమాట.

మన కనుమకు చుట్టమే!

దీపావళి మర్నాడు సొహరాయ్. ఆ రోజు పెత్తనమంతా పశువులదే. పొద్దున్నే మేతకు తోలేసి, అవి తిరిగొచ్చేలోపు వాకిలి సిద్ధం చేస్తారు. బియ్యప్పిండి జావలో వేళ్లు ముంచి వీధి నుంచి కొట్టందాకా 'అరిపన్' ముగ్గులు వేస్తారు. ఆవులు, ఎద్దులు ఆ ముగ్గులు తొక్కుకుంటూ లోపలికి రావాలి. గిట్టల గుర్తులు పడితేనే ముగ్గు పూర్తయినట్టు! కొమ్ములకు నూనె, సిందూరం. ఒంటిమీద గ్లాసు అంచును రంగులో ముంచి గుండ్రటి అచ్చులేస్తారు. ఆ రోజు ఎద్దు కాడి మోయదు.

కనుమనాడు పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, వాకిట్లో రథం ముగ్గు పెట్టే తెలుగు రైతు ఇంటికి ఇది కొత్తగా అనిపించదు. అన్నట్టు, సంతాల్ పరగణాల్లోని సంతాలులు సొహరాయ్ చేసుకునేది జనవరిలో, సంక్రాంతి రోజుల్లోనే.

పెళ్లిగదిలో నలుపు తెలుపు

ఖోవర్ సంగతి వేరు. 'ఖో' అంటే గుహ, లేదా గది. 'వర్' అంటే వరుడు. కొత్త దంపతుల గదిని అమ్మలు, పిన్నులు, మేనత్తలు కలిసి తీర్చిదిద్దుతారు. జనవరి నుంచి వానాకాలం వచ్చేదాకా పెళ్లిళ్లు ఎక్కడుంటే అక్కడ ఈ పని. ఇందులో కుంచె కూడా ఉండదు. గోడకు ముందు నల్లమట్టి పూస్తారు. అది బాగా ఆరాక, పైన తెల్లమట్టి. ఆ తెలుపు ఇంకా తడిగా ఉండగానే దువ్వెన ముక్కతోనో, వేళ్లతోనో గీరేస్తారు. తెలుపు లేచిపోయిన చోట అడుగునున్న నలుపు బయటపడుతుంది. తీగలు, పూలు, పక్షులు, చేపలు చకచకా వచ్చేస్తాయి.

చకచకా అని ఊరికే అనలేదు. పై పూత ఆరిపోతే దువ్వెన దిగదు. మరీ పచ్చిగా ఉంటే గీత చెదిరిపోతుంది. అందుకే గోడంతా ఒకేసారి పూయరు. చేతికి అందినంత మేర పూయడం, గీయడం, పక్కకు జరగడం. చెరిపి దిద్దుకునే వీల్లేదు. పెన్సిల్ గీత లేకుండా నిలువెత్తు ఏనుగును ఒక్క ఊపులో గీసే చెయ్యి ఎన్ని పెళ్లిళ్లు చూసిందో మరి!

ఈ గీతలు ఎంత పాతవి? 1991లో బర్కాగావ్ దగ్గరి ఇస్కో గ్రామంలో రాతిగుహ చిత్రాలను బులు ఇమామ్ వెలుగులోకి తెచ్చారు. ఆ రాళ్లమీది ఆకారాలకూ చుట్టుపక్కల ఊళ్ల గోడబొమ్మలకూ పోలిక ఉందన్నది ఆయన వాదన. మధ్యలో వేల ఏళ్ల ఎడం ఉంది కాబట్టి తేల్చి చెప్పడం కష్టమే. కానీ ఇస్కో బండ చూసి, ఆ ఊళ్లోకే వెళ్లి గోడ చూసినవాళ్లు ఆ మాటను కొట్టిపారేయలేరు. ఆయనకు 2019లో పద్మశ్రీ వచ్చింది.

గోడే మారిపోతే?

చిక్కు ఇక్కడే మొదలైంది. ఊళ్లలో మట్టిఇళ్లు తగ్గుతున్నాయి. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం కింద కనీసం 25 చదరపు మీటర్ల పక్కా ఇల్లు, మైదాన ప్రాంతాల్లో రూ.1.20 లక్షల సాయం. సిమెంటు గోడ వానకు కరగదు. కరగని గోడను ఏటా అలకాల్సిన పనిలేదు. అలకని గోడమీద బొమ్మెందుకు? నున్నటి సిమెంటుకు మట్టిరంగు సరిగా పట్టదు కూడా, ఆరి పొడిలా రాలుతుంది. దీనికి ఎవర్ని తప్పుపడతాం? ఏటా తట్టలకొద్దీ మట్టి మోసి, నడుములు పడిపోయేలా గోడలు అలికిన ఆడమనిషి పక్కా ఇల్లు కోరుకోవడంలో అన్యాయం ఏముంది! వానకు జడిసే ఇంట్లో ఉండి మాకోసం బొమ్మలు వేస్తూ ఉండమని చెప్పే హక్కు బస్సు దిగి ఫొటో తీసుకునేవాళ్లకు లేదు.

మరోవైపు బర్కాగావ్ చుట్టుపక్కల నేల కింద బొగ్గుంది. గనులు విస్తరించేకొద్దీ పొలాలు, ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. పొలం పోతే పశువులు ఉండవు. పశువులు లేని ఇంట్లో సొహరాయ్ ఎవరికి చేస్తారు? సిమెంటు గోడకంటే ఇదే పెద్ద దెబ్బ.

గోడ దిగిన బొమ్మలు కాగితం ఎక్కాయి. 1993 నుంచి ఇక్కడి గిరిజన మహిళలు సహకార సంఘంగా ఏర్పడి, అవే మట్టిరంగుల్ని చేత్తో తయారైన కాగితం మీద వేస్తున్నారు. అవి ఆస్ట్రేలియా, ఐరోపా ప్రదర్శనలదాకా వెళ్లాయి. 2020లో సొహరాయ్-ఖోవర్ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024 అక్టోబరులో కజాన్ బ్రిక్స్ సదస్సుకు వెళ్లిన ప్రధాని మోదీ, రష్యా అధ్యక్షుడు పుతిన్‌కు ఇచ్చిన కానుక కూడా సొహరాయ్ చిత్రమే. పట్నాల్లో ప్రహరీలమీద ఎనామిల్ రంగులతో ఇవే నెమళ్లు కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, చేతికి కూలి కూడా గిడుతుంది. కాకపోతే వానకు కరిగి మళ్లీ పుట్టే బొమ్మలు కావవి. వేసినవి వేసినట్టే వెలిసిపోతాయి.

ఇంట్లో వేసి చూస్తారా?

పిల్లలకు సెలవులుంటే ఖోవర్ సరదాగా ప్రయత్నించొచ్చు. రెండడుగుల ప్లైవుడ్ చెక్క చాలు. మెత్తగా జల్లించిన మట్టిలో బొగ్గుపొడి, కాస్త జిగురు కలిపి పలుచగా పూయాలి. పూర్తిగా ఆరనివ్వాలి. పైన సుద్దమట్టి, జిగురు కలిపిన పూత. వేలితో తాకితే చల్లగా తగులుతూ, చేతికి అంటుకోకుండా ఉన్నప్పుడు దువ్వెన ముక్కతో గీరడమే. మొదటిసారి ఏనుగు పంది అయినా ఫర్వాలేదు, తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ పూసుకోవచ్చు. వరండాలో వాన తగలని చోట తగిలించాలి.

హజారీబాగ్ వెళ్లాలంటే రాంచీ నుంచి రోడ్డుమీద సుమారు 95 కిలోమీటర్లు. రైలు టికెట్ తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. 'హజారీబాగ్ రోడ్' స్టేషన్ ఉన్నది హజారీబాగ్‌లో కాదు, దూరంగా సరియాలో. ఊరికి రైలు వచ్చింది 2015లో. ఆ స్టేషన్ పేరు 'హజారీబాగ్ టౌన్'. రంగుల సొహరాయ్ చూడాలంటే దీపావళి దాటిన వారంలో, నలుపుతెలుపుల ఖోవర్ కావాలంటే పెళ్లిళ్ల రోజుల్లో వెళ్లాలి. భేల్వారా, జోరాకాఠ్, ఇస్కో లాంటి ఊళ్లకు హజారీబాగ్ నుంచి జీపు మాట్లాడుకోవచ్చు. ఇంటివాళ్లను అడక్కుండా గోడ ముందు ఫొటోలకు నిలబడకూడదు. పూత పచ్చిగా ఉంటే చెయ్యి పెట్టకూడదు.