వెనుకగదిలోని మాటలు

మారేడుపల్లిలోని యొక పాత మేడలో, మతిమరుపు వ్యాధికి లోనైన వృద్ధులను పగటివేళ కనిపెట్టి యుండు కేంద్రము కలదని విని, శనివారమునాడు చూడబోయితిని. ముందరి హాలులో పెద్దలు మల్లెలు గుచ్చుచు, పాత సినిమా పాటలకు తాళము వేయుచు కాలము పుచ్చుచుండగా, వారిని తోడ్కొని వచ్చిన భార్యలు, భర్తలు, కోడండ్రు వెనుకగదిలో కూర్చుండి తమ గోడు ఒకరికొకరు చెప్పుకొనుచుండిరి. నేనును అచటనే చతికిలబడితిని.

రైల్వే ఉద్యోగమునుండి విశ్రమించిన పెద్దమనిషి యొకరు, "సాయంత్రమయ్యేసరికి మా ఆవిడ చీర సర్దుకుని, 'మీరెవరో మంచివారు, నన్ను మా ఇంటి దగ్గర దింపండి' అంటుందమ్మా. వీధి చివరిదాకా నడిపించి, మళ్ళీ మా గుమ్మంలోకే తీసుకొస్తాను. 'వచ్చేశాం' అని మురిసిపోతుంది" అని చెప్పి కండ్లద్దములు తుడుచుకొనిరి. మరణమునకైతే పదిదినముల కర్మకాండయు, పరామర్శించు బంధువులును గలరు. ఎదుటనున్న మనిషియే దినదినము దూరమగుచున్నపుడు వచ్చి పలుకరించువా రెవరు? అమెరికా పండితురాలు పాలిన్ బాస్ గ్రంథములు వ్రాసినది ఇట్టి కర్మలేని దుఃఖమును గూర్చియే.

"అందరూ నన్ను భూదేవంటారండీ" యని ఒక కోడలు మొదలిడెను. "ఆ మాట విన్నాక, విసుగొస్తోందని ఎవరితో చెప్పను? మొన్న అత్తయ్య మీద చెయ్యెత్తాను." ఎవ్వరును ముఖము చిట్లింపలేదు. "నేను కొట్టానమ్మా" యని మూలనున్న వృద్ధురాలు మెల్లగా ననెను. మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో 88 లక్షలమందికి ఈ వ్యాధి కలదని 2023లో ప్రచురితమైన యొక అంచనా. వారి వెనుక నిద్ర మానుకొన్న స్త్రీల లెక్క అందులో లేదు. వారికి మనము ధారాళముగా నొసగు ప్రశంస వారి నోటికి వేసిన తాళమని నాకు తోచినది. (పొగడిన చుట్టములు పండ్లబుట్ట యిచ్చి సాయంత్రపు బండికే వెడలుదురు.)

సలహాదారుగా నున్న యువతి, 1980లో స్టీవెన్ జారిట్ మొదలగువారు రూపొందింపగా నేడు 22 ప్రశ్నలతో వాడుకలోనున్న, సేవ చేయువారి భారమును కొలుచు పత్రమును తెలుగున చదివి వినిపించెను. రోగి చెంతనున్నపుడు కోపము వచ్చునా, ఈ భారము వేరొకరి కప్పగింపవలెనని తోచునా యను ప్రశ్నలు రాగానే, "ఇవి అచ్చులో కూడా ఉన్నాయా!" యని ఆ కోడలు పకపక నవ్వెను.

ఆ ఊపులోనే ఆడపడుచుకు ఫోను చేసి, "వదినా, వచ్చే నెల పదిరోజులు అత్తయ్యను మీ దగ్గర ఉంచుకోండి" అనెను. పండుగ వెళ్ళాక చూద్దామని బదులు వచ్చినది. ఏ తేదీయో తేల్చుకొమ్మని సలహాదారు మరల ఫోను చేయించెను.