తెల్లకణముల యస్త్రము

గత కార్తికమాసమున మా చిన్నవాని యరికాలిలో తుమ్మముల్లు విరిగినది. ముల్లు తీసి, పసుపద్ది, బడికి పంపితిమి. మూడవనాటి రాత్రికి చీలమండవరకు వాచి, ఒడలు పెనమువలె కాలినది. తెల్లవారినదాక చూచి తీసికొనిపోయినందుకు వైద్యుడు మమ్ము మందలించెను. చీము తీసి మందిచ్చుచు, "ఈ వాపు ముల్లుది మాత్రమే కాదమ్మా, వీని తెల్లకణములది కూడ" ననెను. మాకు కోపము వచ్చినది. పాఠ్యపుస్తకములన్నియు రక్షకులని పొగడు కణములపై నీ నింద యేమి? ఇల్లు చేరగనే మావారి పుస్తకములు విప్పి కూర్చుంటిమి.

ఆ పొగడ్త యూరక రాలేదు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు, గాజువలె తేటయైన సముద్రనక్షత్రపు పిల్లకు గులాబిముల్లు గ్రుచ్చెను. మరునాడు చూడగా సంచారకణములు ముల్లుచుట్టు మూగియుండెను. 1908లో నాయనకు, పాల్ ఎర్లిక్‌తోపాటు, నోబెల్ బహుమానము వచ్చినది. మావానిది తుమ్మముల్లు, అంతియే భేదము.

కాదు, ఇంకొక భేదము కలదు. ఆ పిల్లకు రక్తనాళములు లేవు. మన తెల్లకణము ముల్లుకడకు పోవలెనన్న నాళము దాటి రావలెను. నాళమునకు లోపల నొక్క వరుస కణములు, సందులేక పరచిన బండలవలె నుండును. వానిని జతపరచి యుంచునది క్యాడ్‌హెరిన్ అను ప్రోటీను. నెత్తురు గడ్డకట్టకుండ చూచుట, ఏది వెలుపలికి పోవచ్చునో యేది పోరాదో నిర్ణయించుట ఈ పొర పనులే. ఎవరికిని కనబడక యిల్లు నడపుదానివలె నున్నదని మేమనగా మావారు నవ్విరి.

న్యూట్రోఫిల్ అను తెల్లకణములో రేణువులును, రేణువులలో ఎలాస్టేజ్, క్యాథెప్సిన్-జి మున్నగు ఎంజైములును కలవు. క్రిములను జీర్ణించుటకే యవి పుట్టినవి. పోరు ముదిరినచో వెలుపలికి చిందును. చిందిన పిమ్మట ఇది క్రిమి, ఇది గోడ యను వివక్ష లేదు. ఎలాస్టేజ్ క్యాడ్‌హెరిన్ ముడులను కోయును. సందులగుండ నెత్తుటిలోని నీరు, ప్రోటీనులు కండలోనికి కారును. నెత్తురు గడ్డకట్టకుండ కాచు థ్రాంబోమాడ్యులిన్ను గూడ పొరమీదినుండి కత్తిరించును. వాపునకు వేరు కారణములును గలవు; ఇది యొకటి. ఒక్క కాలిలోనైన తీసిపోవును గాని, క్రిమిదోషము ఒడలంతట వ్యాపించి నాళములన్నియు నిట్లు కారిన ప్రాణాపాయమే. వైద్యుని మందలింపు మా కప్పుడర్థమైనది.

సౌప్తికపర్వములో నశ్వత్థామకు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించుటయే తెలియును, మరలించుట తెలియదు. న్యూట్రోఫిలు నంతియే. అడ్డుకొనువాడు వేరు: కాలేయమునుండి వచ్చు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అను ప్రోటీను నెత్తుటిలో తిరుగుచు, చిందిన ఎలాస్టేజును పట్టి యడచును. 1963లో స్వీడనున లారెల్, ఎరిక్సన్ అనువారు అది కొరవడిన యయిదుగురిని ప్రకటించిరి. వారిలో ముగ్గురి ఊపిరితిత్తులు చెడియుండెను.

పొగాకుపొగ యీ కాపరిని నిర్వీర్యము చేయునని యున్న పుటను తెరచి, మావారి చుట్టలపెట్టెమీద నుంచితిమి. రాత్రులు ఆయన దగ్గు మేము వినుచునే యున్నాము. ఆయన చదివిరి, ఏమియు ననలేదు.

అయిదవనాటికి పిల్లవాని కాలు తగ్గినది. చుట్టలపెట్టె యింకను బల్లమీదనే యున్నది.