బండి మీద ఓడ

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అని మా అమ్మమ్మ రోజుకొక్కసారైనా అనేది. ఎదురింటివాళ్ళ గేదె చచ్చిపోయినా అదే మాట, పక్కింటి అబ్బాయికి గుమాస్తా వుద్యోగం వచ్చినా అదే మాట. రేవుదాకా పడవని బండి మోస్తుంది, రేవు దాటాలంటే ఆ బండినే పడవ మోస్తుంది, అంచేత ఎవరూ మిడిసిపడకూడదని ఆవిడ తాత్పర్యం. నాకెప్పుడూ అందులో సగమే అర్థమయ్యేది. కోటిపల్లి రేవులో పంటు మీద బళ్ళూ, మోటారుసైకిళ్ళూ, కార్లూ గోదావరి దాటడం ఎన్నోసార్లు చూశాను. బండి మీద పడవ ఎక్కడం మాత్రం అరవై నాలుగో ఏట చూశాను. అదైనా ఎక్కడనుకున్నారు? అమెరికాలో, సియాటిల్ పక్కన రెడ్‌మండ్ అనే వూళ్ళో, మా అమ్మాయి గుమ్మం ముందు.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. మనవైపు కారంటే ఏమిటండీ? వెనక నలుగురు, ముందు డ్రైవరు కాక ఇద్దరు, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో పనసకాయ. మా పెళ్ళికి తరలివెళ్ళిన అంబాసిడర్లో తొమ్మిదిమందిమి కూర్చున్నట్టు గుర్తు. ఎవరికీ ఇరుకనిపించలేదు. మా అమ్మాయి కారు ఎర్రటి మియాటా. మజ్దా అనే జపాను కంపెనీ 1989లో మొదటిసారి బయటపెట్టిన రకం. దీనిది 1995 మోడలు, అంటే ముప్ఫైయేళ్ళ పాతది. పొడవు 13 అడుగులు, బరువు టన్నుకి అటూ ఇటూ. దీపాలు వేస్తే కప్పకళ్ళలా పైకి లేస్తాయి, ఆర్పితే రెప్పలు వాల్చినట్టు లోపలికి ముడుచుకుపోతాయి. టాపు గుడ్డది, మడిచి వెనక పడెయ్యొచ్చు. చలికాలానికి వేరే గట్టి టాపు వుంది, ఇద్దరు చెరోవైపూ పట్టుకుని గిన్నె మీద మూతలా పెట్టాలి. సీట్లు రెండు. రెండంటే రెండే. వెనక సీటు లేదు, వుంచుదామని వాళ్ళు అనుకోనూ లేదు. అందులో కూర్చోడమంటే పీట మీద కూర్చున్నట్టే. మొదటిరోజు నేను లోపలికి దిగడానికి పట్టిన సమయంలో కాఫీ కాచుకోవచ్చు. బయటికి రావడానికి పట్టిన సమయంలో వంటే అయిపోతుంది.

"ఇదేం కారే తల్లీ, కొత్తదేదైనా కొనుక్కోలేకపోయావా?" అంటే, "నడపడానికి కొనుక్కున్నానమ్మా" అంది.

అంతకుముందు వాళ్ళకి ఏడుగురు పట్టే పెద్ద వ్యాను వుండేది. "వాళ్ళకి" అంటున్నాను చూశారా, రెండేళ్ళ కిందటి దాకా ఇద్దరు. తప్పెవరిదని మీరు అడగబోతున్నారు. నేనూ అడిగాను. అది చెప్పలేదు, గుచ్చి గుచ్చి అడగడం ఇష్టంలేక నేనూ మానేశాను. వ్యాను అమ్మేసి దీన్ని కొన్నదని మాత్రం తెలుసు. ఆ వార్త విని మా అన్నయ్య, "చూశావా చెల్లాయ్, ఇంక సంసారం వద్దని నోటితో చెప్పకుండా కారుతో చెప్పింది" అన్నాడు. అంతటితో వూరుకోక డల్లాస్‌లో ఒక సంబంధం వెతికి, నేను అయిదు నెల్లు వుండి వచ్చేలోగా దానిచేత 'ఊఁ' అనిపించే బాధ్యత నా నెత్తిన పెట్టి విమానం ఎక్కించాడు. ఫోటో నా హ్యాండ్‌బ్యాగులో వుంది, గోంగూర పచ్చడి కంటే భద్రంగా.

నాలుగు నెల్లు గడిచాయి. ఫోటో బయటికి రాలేదు. పోయిన జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం ఎవరో వ్యానులో తెచ్చి వాకిట్లో ఒక పడవ దింపి పోయారు. నీలంరంగు ప్లాస్టిక్ పడవ, సెకండ్‌హ్యాండు, 12 అడుగుల పొడవు, 20 కిలోల బరువు. కయాక్ అంటారట. మధ్యలో ఒక్కటే గుంట, ఒక్క మనిషి కాళ్ళు చాపుకు కూర్చోడానికి.

"దీన్ని చెరువుదాకా ఎలా తీసుకెళ్తావే?" అన్నాను. కారు వైపు చూపించింది. నేను కారు వంక చూశాను, పడవ వంక చూశాను. పదమూడడుగులు, పన్నెండడుగులు. పిల్లి వీపున ఇంకో పిల్లిని ఎక్కించినట్టు!

మర్నాడు పొద్దున్నే మొదలెట్టాం. ఆ కారు టాపుకి అంచుల్లో గాడీ లేదు, కొక్కెమూ లేదు. మామూలు కార్ల నెత్తిన బిగించే కడ్డీలు దీనికి పట్టవు. గుడ్డ టాపు మీద బరువు పెట్టే ప్రశ్నే లేదు. అంచేత నడివేసవిలో చలికాలపు టాపు తీసి, నేనో వైపూ అదో వైపూ పట్టుకుని పెట్టాం. దాని మీద ఇది నాలుగు నల్లటి రబ్బరు గిన్నెలు బోర్లించింది. ఒక్కో గిన్నెకీ ఒక చిన్న పంపు. బొటనవేలితో నొక్కుతూ వుంటే లోపలి గాలి పోయి గిన్నె అతుక్కుపోతుంది. పంపు మీద ఒక రంగు గీత వుంటుంది, అది కనబడిందంటే గాలి దూరుతోందని గుర్తు, మళ్ళీ నొక్కాలి. గిన్నెల మీద అడ్డకడ్డీలు, కడ్డీల మీద స్పాంజి దిమ్మలు, దిమ్మల మీద పడవ బోర్లా.

"గాలికి అతుక్కుని వుంటుందా అంత పడవా?"

"గాలి లేకపోవడం వల్ల వుంటుందమ్మా. బయటి గాలే నొక్కిపెడుతుంది. మనిషంత బరువు వేలాడినా వూడదు."

మా ఇంట్లో స్నానాలగది గోడకి అలాంటిదే ఒక సబ్బుపెట్టె వుంది. పగలంతా బుద్ధిగా వుండి, సరిగ్గా రాత్రి రెండు గంటలకి ధనామని పడుతుంది. మీ ఇంట్లోనూ వుండే వుంటుంది. ఆ మాటే అన్నాను. "అమ్మా, ఇది సైన్సు" అంది. సబ్బుపెట్టెకీ అదే సైన్సు కదే అని నా బాధ.

దానికి కోపం రాలేదు. కోపం తెప్పించే మాట తర్వాత అన్నాను. అది పంపులు నొక్కుతోంది, నేను పక్కన నిలబడి వున్నాను. వూరికే నిలబడ్డ మనిషి నోరు వూరుకోదు కదా! "ఏడుగురి వ్యాను పోయి ఇద్దరి కారు వచ్చింది. ఇప్పుడు ఒక్కరి పడవ. తర్వాత ఏమిటే కొనేది?" అన్నాను. నవ్వుతూనే అన్నాననుకున్నాను.

అది తల ఎత్తలేదు. నాలుగో పంపుని కావలసినదానికన్నా పదిసార్లు ఎక్కువ నొక్కింది. చాలాసేపటికి, "వ్యానులో ఆరు సీట్లు ఖాళీగా వుండేవమ్మా. అద్దంలో వెనక్కి చూసినప్పుడల్లా కనపడేవి" అంది.

అంతే. నేను స్పాంజి దిమ్మ సర్దుతున్నట్టు నటించాను.

వెనక్కి నాలుగడుగులు పొడుచుకొచ్చిన సామానుకి ఎర్రగుడ్డ కట్టాలని ఆ రాష్ట్రంలో రూలు. మా పడవ తోక అడుగున్నర వుంటే ఎక్కువ. అయినా నాకు మనసొప్పక, శ్రావణమాసం పేరంటాలకని తెచ్చిన జాకెట్టుగుడ్డల్లోంచి ఎర్రది తీసి కట్టాను. అది చూసి కాస్త నవ్వింది. అదే పదివేలు.

బయల్దేరాం. హైవే ఎక్కనని ముందే ఒట్టు వేయించుకున్నాను. సమామిష్ చెరువు అని, చెరువంటున్నాను గానీ 7 మైళ్ళ పొడవు. దాని పడమటి గట్టు వెంబడే చెట్ల మధ్యనించి రోడ్డు, ఇసాక్వా వూరి పక్క పార్కు వైపు పోతుంది. నా నెత్తిన టాపు, టాపు నెత్తిన పడవ. ముందు అద్దంలోంచి చూస్తే పడవ ముక్కు పెంకుటింటి చూరులా కిందికి వంగి కనిపిస్తోంది. పెద్ద పెద్ద ట్రక్కులవాళ్ళు పక్కనించి పోతూ చేతులు వూపారు. ఎర్రదీపం దగ్గర ఒకాయన అద్దం దించి, "ఎవరు ఎవర్ని మోస్తున్నారు?" అని అడిగాడు. మా అమ్మమ్మ వుంటే ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది.

మైలున్నర పోయామో లేదో, నెత్తి మీద తేనెపట్టు కదిలినట్టు 'బూఁయ్' మని మొదలయింది. పట్టీ గాలికి అదురుతున్న చప్పుడట. దానికేం ఫరవాలేదు, పట్టీకి ఒక మెలిక తిప్పితే పోతుందంది. ఫరవా వున్నది ఇంకోటుంది. వేగం పెరిగేకొద్దీ పడవ ముక్కు అటూ ఇటూ తల ఆడించడం మొదలెట్టింది, కట్నం చాలదన్న పెళ్ళివారి పెద్దలా. పక్కకి ఆపించాను.

దిగి చూడగానే తెలిసిపోయింది. ఆ టాపెంతని? రెండు కడ్డీలకీ మధ్య రెండున్నర అడుగులుంటే గొప్ప. పన్నెండడుగుల వస్తువుని అంత చిన్న పీట మీద పెట్టి, నడుం దగ్గర కట్టి, తలా తోకా గాలికి వదిలేసింది. గాలి కిందనించి ముక్కుని లేపుతుంది, ఆ లాగుడంతా పోయి రబ్బరు గిన్నెల మీద పడుతుంది. ముందూ వెనకా కారుకి లాగి కట్టాలి. తాళ్ళు డిక్కీలోనే వున్నాయి. ముడి కుదరక, "ఈ కాస్త దూరానికి ఎందుకులే" అనుకుందట.

"ఇలా ఇవ్వు" అన్నాను.

సామాను కట్టడం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. మావారిది ఇరిగేషన్‌లో వుద్యోగం, పదకొండు బదిలీలు. 1993లో నాగార్జునసాగర్ నుంచి ధవళేశ్వరం వస్తుంటే, లారీలో అన్నిటికన్నా పైన కట్టిన దీని మూడుచక్రాల సైకిలు దారిలో ఎక్కడో జారిపోయింది. ఏలూరు దగ్గర టీకి ఆగినప్పుడు గానీ చూసుకోలేదు. దానికప్పుడు అయిదేళ్ళు. ధవళేశ్వరం చేరేదాకా ఏడ్చింది. మావారు క్లీనరు కుర్రాణ్ణి కేకలేస్తే, "అది నేను కట్టింది కాదండీ, మీ ఆఫీసు ప్యూను కట్టాడు" అన్నాడు. నిజమే. ఆ కుర్రాడే సామాను దింపుతూ నాకు ముడి నేర్పాడు. తాడు మధ్యలో ఒక వుచ్చు వెయ్యాలి. కొసని కింద కొక్కెంలోంచి పోనిచ్చి, పైకి తెచ్చి, ఆ వుచ్చులోంచి దూర్చి కిందికి లాగాలి. గిలకకున్నట్టే దీనికీ ఒక సుళువుంది, చెయ్యి లాగినదానికంటే తాడు ఎక్కువ బిగుస్తుంది. బిగిశాక వుచ్చు దగ్గర వేళ్ళతో నొక్కిపట్టి రెండు చుట్లు. ఆ తర్వాతి బదిలీల్లో మా ఇంటి చెంచా కూడా పడలేదు.

చీర మీద బూట్లతో, చెంగు దోపుకుని, రోడ్డు పక్క గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. బంపరు కింద ఇనుప కొక్కెం దొరికింది. "మరీ బిగించకమ్మా, ఎండకి ప్లాస్టిక్ సొట్టపడుతుంది" అంది. సొట్టపడకుండా బిగించడమేగా విద్య! ముందొకటీ వెనకొకటీ వేసి, పడవ ముక్కు పట్టుకు వూపితే కారే వూగింది గానీ పడవ కదల్లేదు.

"దీన్ని ఇక్కడ ట్రక్కర్స్ హిచ్ అంటారమ్మా. వీడియోలో పదిసార్లు చూశాను, నాకు రాలేదు" అంది. లారీవాళ్ళ ముడి అన్నమాట. ఏ దేశంలోనైనా లారీవాడు లారీవాడే.

పార్కులో ఇద్దరం చెరో కొసా పట్టుకుని పడవని నీళ్ళదాకా మోశాం. లైఫ్ జాకెట్ తొడుక్కుని, గుంటలో కూర్చుని, నడుం దాకా పడవలోకి దూరిపోయింది. వేషం మార్చిన చేపలా వుంది.

ఈ కయాక్ ఉత్తర ధ్రువం వైపు మంచుదేశాల వాళ్ళదని ముందురోజు రాత్రి చెప్పింది. కర్రతోనో ఎముకతోనో చట్రం కట్టి సీల్ చర్మం తొడిగేవారట. ఏ మనిషి పడవ ఆ మనిషి వంటికొలత మీదే. చేతులు చాపితే ఎంతో దానికి మూడు రెట్లు పొడవు, తుంటి వెడల్పుకి రెండు పిడికిళ్ళు కలిపితే గుంట. వేటకి వెళ్ళేది మగవాళ్ళు. ఆ చర్మాలని నీటిబొట్టు చొరకుండా కుట్టేది ఆడవాళ్ళు. ఆడవాళ్ళూ, పిల్లలూ, సామానూ వెళ్ళడానికి ఉమియాక్ అని వేరే పెద్ద పడవ. ఆడవాళ్ళ పడవ అనే దానికి పేరు. అంటే వాళ్ళ వ్యాను అన్నమాట! కుట్టేది వీళ్ళూ, ఎక్కేది వాళ్ళూ. మంచుదేశమైనా ఇంతేనా అనుకున్నాను.

బెంచీ మీద కూర్చున్నాను. ఒళ్ళో కారు తాళాలు, దాని ఫోను, నా ఫోను, ఫోటో వున్న హ్యాండ్‌బ్యాగు. గోదావరి ఒడ్డున పుట్టి కూడా నాకు ఈత రాదు. మా అన్నయ్యకి ఈత నేర్పారు, నాకు స్నానాలరేవులో మూడు మునకలు నేర్పారు. తెడ్డు కుడికీ ఎడమకీ పడుతుంటే నీలం పడవ చెయ్యంత అయింది, వేలంత అయింది. కళ్ళజోడు తుడుచుకునేలోగా మిగతా పడవల్లో కలిసిపోయింది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ తలో కొబ్బరికాయా మొక్కేశాను.

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య ఫోను. అక్కడ రాత్రి పదిన్నర.

"ఏం చెల్లాయ్, మాట్లాడావా? వాళ్ళు తొందరపడుతున్నారు."

"లేదన్నయ్యా."

"ఇంకెప్పుడు? దానికియ్యి ఫోను, నేనే అడుగుతాను."

"అది నీళ్ళ మీద వుంది."

"నీళ్ళ మీదేమిటి! ఎవరితో?"

"ఒక్కతే. ఆ పడవ ఒక్కరికే పడుతుంది."

కాసేపు వూరుకుని, "మరి నువ్వక్కడ ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"పడవ కట్టడానికి వచ్చాను" అన్నాను.

గంటా పది నిమిషాలకి తిరిగొచ్చింది. జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. వేసంకాలం సెలవుల్లో కాలవగట్టు మీద ఆడి ఆడి, అన్నానికి పిలిస్తే వచ్చే మొహం అది. ఎంతకాలమయిందో చూసి! నన్ను చూసి, "భయపడ్డావా?" అంది. "దేనికీ?" అన్నాను. ఫోను తీసుకుంటూ నా చేతుల వంక చూసింది. తాళాలు గట్టిగా పట్టుకున్నందుకు అరచేతిలో అచ్చు పడివుంది.

తిరుగు ప్రయాణానికి గిన్నెలు అది చూసుకుంది, తాళ్ళు నావి. ముందు ముడి అయిపోయింది. వెనక ముడి వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా, నెమ్మదిగా వెయ్యి. వచ్చే నెల ఇరవైకి నువ్వు వెళ్ళిపోతావు."

హ్యాండ్‌బ్యాగు సీటు కిందకి తోసి, ముందు ముడి కూడా విప్పేశాను. మొదటిసారి దాని వుచ్చు వూడిపోయింది. రెండోసారి కొసని తిరగేసి దూర్చింది. మూడోసారి నేను చెయ్యి వెయ్యలేదు, చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాను. నాలుగోసారి బిగిసింది. ముక్కు పట్టుకుని అదే వూపి చూసుకుంది.

దారి పొడుగునా చప్పుడు లేదు. ముప్ఫై అయిదు మైళ్ళ వేగం దగ్గర నేను వుండబట్టలేక ముందుకి వంగి పైకి చూశాను. పడవ ముక్కు పెట్టినచోట పెట్టినట్టే వుంది. ఎర్ర జాకెట్టుగుడ్డ మాత్రం వెనక టపటపా కొట్టుకుంటూ వచ్చింది.