తేజాబు తొట్టి, చింతగింజల జిగురు

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి ఎక్కితే సగం నగరం మన వెంటే వస్తున్నట్టుంటుంది. అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటేదాకా అందరం ఒకే వరుస. ఆ తర్వాత కొందరు రిసార్టులకు, కొందరు జింకల పార్కుకు, కొందరు శామీర్‌పేట చెరువుకు విడిపోతారు. పసుపు బట్టల భక్తులు మాత్రం ఆగకుండా కొమురవెల్లి మల్లన్న దాకా పోతారు. నేను ఎడమకు, మేడ్చల్ వైపు తిరిగాను. రోడ్డు పక్క పొలాల్లో వరి కంటే హద్దురాళ్లే ఎక్కువ కనిపించాయి.

రెండెకరాల వేపచెట్ల మధ్య రేకుల షెడ్డు, దాని వెనుక ఇటుకల బట్టీ, ఓ మూలన మూడు గదులు: అదీ స్టూడియో. నడిపే దంపతులిద్దరూ చిత్రకారులే. పేరు రాయవద్దన్నారు. రాస్తే జనం పిక్నిక్‌కి వస్తారట. ఈ దారిలో అది ఉత్త భయం కాదు.

ఊరవతల ఎందుకు పెట్టారంటే ప్రశాంతత కోసమనో, ప్రకృతి కోసమనో చెబుతారనుకున్నాను. ఆయన నన్ను నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లి ఇనుప ప్రెస్సు చూపించారు. రెండు లావుపాటి రోలర్ల మధ్య కదిలే ఉక్కు పలక, పక్కన ఓడ చుక్కాని తిప్పేలాంటి చక్రం. ‘‘దీన్ని మూడో అంతస్తు ఫ్లాటులోకి ఎక్కించి చూడండి’’ అన్నారు. దాని పక్కనే తేజాబు తొట్టి. నత్రికామ్లం లోహాన్ని తింటున్నప్పుడు వచ్చే ఆవిరికి ఏ అపార్ట్‌మెంటు సంఘమూ ఒప్పుకోదు. బట్టీ పొగ సంగతి సరేసరి. కళకు ఏకాంతం కావాలని మనం తేలిగ్గా అనేస్తాం. బరువూ పొగా భరించే జాగా కావాలని ఎవరూ చెప్పరు.

ఆ రోజు వర్క్‌షాప్ ఎచింగ్ మీద. వచ్చినవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక డ్రాయింగ్ మాస్టారు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. తలా ఒక జింకు పలక ఇచ్చారు. ముందు అంచులు ఆకురాయితో వాలుగా అరగదీయాలి. లేకపోతే ప్రెస్సులో కాగితం చిరుగుతుంది. తర్వాత సుద్దపొడితో జిడ్డు తీయాలి. వేలిముద్ర మిగిలినా ఆ చోట పూత నిలవదు. తేనెమైనం, రోజనం, తారు కలిపిన పూత పట్టించి, కొవ్వొత్తి మసితో నల్లబరిచి, దాని మీద సూదితో బొమ్మ గీయాలి. సూది లోహాన్ని కోయనవసరం లేదు, పూతను తొలగిస్తే చాలు. కోసే పని తేజాబుది.

పలకను తొట్టిలో వేశాక గీతల పొడవునా సన్నటి బుడగలు లేస్తాయి. అవి అక్కడే కూర్చుంటే ఆ చోట కోత ఆగిపోతుంది. అందుకని కోడి ఈకతో మెల్లగా తోస్తూ ఉండాలి. ఇంత ఇనుము, ఇంత రసాయనం ఉన్న గదిలో అంతకంటే మెరుగైన పనిముట్టు ఇంకా దొరకలేదట! త్వరగా తీసేస్తే గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. సన్నగా ఉండాల్సిన గీతలకు మధ్యలో వార్నిష్ పూసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. అంటే ఇక్కడ నలుపును రంగుతో కలపరు, నిమిషాలతో కొలుస్తారు. సెల్‌ఫోన్లు పక్కన పెట్టండని ఎవరూ చెప్పలేదు. చేతికి ఈక ఇచ్చాక ఎవరూ వాటి జోలికి పోలేదు.

కిరోసిన్‌తో పూత కడిగి, గీతల్లోకి సిరా పట్టించి, పైన మిగిలింది గుడ్డతో తుడిచి, తడి కాగితం వేసి చక్రం తిప్పారు. ఒక కుర్రాడు తన పలక మీద అందంగా ‘అమ్మ’ అని రాశాడు. అచ్చులో అది కుడి నుంచి ఎడమకు తిరగబడి వచ్చింది. మాస్టారు పగలబడి నవ్వి, అద్దం తెచ్చి చూపించారు.

ఈ విద్య గురించి మాట్లాడుతూ చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌ను తలవకుండా ఉండటం ఇక్కడ ఎవరి వల్లా కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తన పల్లె మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ మొహమాటం లేకుండా ఎచింగుల్లోకి తెచ్చారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం కూడా ఆ బరోడా గురువు దగ్గరికే వెళ్లారు. సిద్దిపేట కాపు రాజయ్య మాత్రం సొంతూళ్లోనే ఉంటూ, కథల పటాలు రాసే నకాషీల గీతను తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. ఆ తరంలో చాలామందికి బొమ్మ నేర్చుకోవాలంటే పల్లె నుంచి నగరానికి దారి పట్టక తప్పలేదు. ఇప్పుడు బొమ్మ వేసే చోటు వెతుక్కుంటూ నగరంవాళ్లు ఎదురు వస్తున్నారు. మధ్యలో భూమి ధర ఎంత పెరిగిందో చెప్పనక్కర్లేదు. ఈ షెడ్డు గోడ అవతలే విల్లాల వెంచరు తోరణం లేచింది.

మూడు గదుల్లో ఒకదానిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి రెసిడెన్సీలో ఉంటోంది. రెండు నెలలు గది, భోజనం, ప్రెస్సు ఉచితం. వెళ్లేటప్పుడు ఒక ప్రింటు ఇచ్చి వెళ్లాలి. ‘‘ఇంట్లో అయితే ఎవరో ఒకరు వచ్చి ఏం చేస్తున్నావని అడుగుతారక్కా. ఇక్కడ ఏమీ చెయ్యకపోయినా ఎవరూ అడగరు’’ అంది. మొదటి రెండు వారాలూ చెరువుగట్టు మీద తిరగడంతోనే సరిపోయిందట. నా లెక్కలో అదీ పనే.

మర్నాడు ఆమెతో కలిసి అదే రహదారి మీద ఇంకా ముందుకు, చేర్యాలకు వెళ్లాను. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. అక్కడ పటాలు రాసే నకాషీలకు ఇల్లే స్టూడియో. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు వేస్తారు. ఎర్రటి నేల మీద కథను అడ్డపట్టీలుగా గీస్తారు. గజాల కొద్దీ పొడవున్న ఆ పటాన్ని చుట్ట విప్పుతూ ఊళ్లలో కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు వచ్చి పటం రాయించుకునేవారు. ఏ కులానికి ఏ కథో, ఏ ఘట్టం తర్వాత ఏదో నకాషీకి తెలియాలి. శిథిలమైన పటాన్ని ఊరికే పారేయరు. మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో కలుపుతారు.

‘‘ఇప్పుడు పటాలు రాయించుకునేటోళ్లు తక్కువైన్రమ్మా. మొకాలు, కీచైన్లు అడుగుతున్రు’’ అంది అరుగు మీద కూర్చుని పని చేసుకుంటున్న ఇల్లాలు. రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసిన ముఖాలు ఎండలో వరసగా ఆరుతున్నాయి. పట్నం నుంచి పిల్లలు నేర్చుకోవడానికి వస్తారట, సాయంత్రానికల్లా ఒక ముఖానికి రంగు వేసుకుని వెళ్లిపోతారట.

నాతో వచ్చిన అమ్మాయి ఓ వారం వచ్చి నేర్చుకుంటానంది.

‘‘వారం ఏడ సరిపోతది బిడ్డా? గింజలు నానబెట్టి, నూరి, ఉడకబెట్టి జిగురు పదునుకు తెచ్చుడు తెలిసేటాలకే వారమైతది. కుంచె ఆ తర్వాత’’ అందామె.

అమ్మాయి నా వైపు చూడలేదు. చేర్యాలలో అద్దెకు గది దొరుకుతుందా, నెలకు ఎంతవుతుందని ఆమెనే అడగడం మొదలుపెట్టింది.