లోపలి గడియ

మేం గేటు దాటేసరికి సాయంత్రం అయిదున్నర. ఎండ ఇంకా వరండా మెట్లు దిగలేదు. అప్పటికే లోపల రాత్రి భోజనాలు సగమయ్యాయి. పొడుగాటి రేకు బల్లల ముందు 34 మంది ఆడా మగా కూర్చుని దోసకాయ పప్పన్నం తింటున్నారు. అందరూ ఇరవై దాటినవాళ్లే, తల నెరిసినవాళ్లూ ఉన్నారు. ఇంత పెందలాడే ఎందుకని అడిగితే వార్డెనమ్మ దాచకుండా చెప్పింది: "వంటమ్మ ఆరున్నర బస్సుకి వెళ్లిపోవాలండి." మళ్లీ వాళ్ల నోట్లో ఏదైనా పడేది మర్నాడు ఎనిమిదింటికి.

గోదావరి జిల్లాల్లో ఓ కాలువ గట్టు మీద, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసం నడుస్తున్న హోమ్ అది. పేరు రాయను. నడిపేవాళ్లు చెడ్డవాళ్లు కారు. అందుకే దీని గురించి రాయాలనిపించింది.

తనిఖీకి వెళ్లింది నలుగురం. జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అధికారి ఒకరు, ఇలాంటి కొడుకే ఉన్న ఒక తల్లి, ముప్ఫై ఏళ్లు ప్రత్యేక పాఠశాలలో పాఠాలు చెప్పిన నేను. నాలుగో మనిషి నా పాత విద్యార్థి. 28 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. బేకరీలో కేకు డబ్బాలు మడిచే పని చేస్తాడు. అతను కూడా వస్తాడంటే అధికారి మొదట తటపటాయించారు. "ఆ అబ్బాయి ఏం చూస్తాడు మేడమ్?"

దానికి నేను చెప్పింది ఇంగ్లండు సంగతి. బ్రిస్టల్ ఊరి పక్కన వింటర్‌బోర్న్ వ్యూ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 24 పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. ఒక్కో మనిషికి వారానికి సగటున 3,500 పౌండ్లు తీసుకునేవారు. అక్కడి సీనియర్ నర్సు ఒకాయన లోపల జరుగుతున్నది చూడలేక తనిఖీ సంస్థకి ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదు. 2011 మే నెలలో బీబీసీ పనోరమా కార్యక్రమం రహస్య కెమెరాతో తీసిన దృశ్యాలు చూపించింది. సిబ్బంది రోగుల్ని కొట్టడం, నేల మీద అదిమిపట్టడం, ఏడిపించడం దేశమంతా చూసింది. 11 మందికి శిక్షలు పడ్డాయి, వాళ్లలో ఆరుగురు జైలుకెళ్లారు. ఆ తర్వాత ఇలాంటి చోట్లు సుమారు 150 వరుసగా తనిఖీ చేసినప్పుడు బృందాల్లో అధికారులతో పాటు అలాంటి సేవల్లో బతికినవాళ్లనీ, వాళ్ల ఇంటివాళ్లనీ చేర్చారు. కాగితాలు చూడ్డం వచ్చినవాళ్లకి కనపడనివి వాళ్లకి కనపడతాయని.

మన దగ్గరా ఆ ఆలోచన లేకపోలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం సంరక్షకుల్ని నియమించే స్థానిక కమిటీలో జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధితో పాటు వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉండి తీరాలి. ఆ మూడో కుర్చీలో మేధో వైకల్యం ఉన్న మనిషి కూర్చోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆఫీసు గదిలో అన్నీ బాగున్నాయి. 2016 నాటి వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. సదరం సర్టిఫికెట్లు, నిరామయ బీమా కార్డులు ఎవరివి వాళ్ల ఫైల్లో ఉన్నాయి. అధికారి సంతృప్తిగా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. మందుల రిజిస్టరు దగ్గర ఆ తల్లి ఆగింది. ఫిట్స్ మందులు వాడేవాళ్లు తొమ్మిది మంది. వాళ్ల పేర్లకి ఎదురుగా రాత్రి ఎనిమిది గంటల డోసు గళ్లలో సంతకాలున్నాయి. గోడ గడియారంలో ఇంకా ఆరు కాలేదు. "సాయంత్రం డ్యూటీ దిగేవాళ్లే పెట్టేసి వెళతారండి, మందులు మాత్రం ఎనిమిదింటికే వేస్తాం" అంది వార్డెనమ్మ. వేస్తారనే నమ్ముతాను. కానీ వెయ్యని రాత్రి కూడా ఆ రిజిస్టరు ఇలాగే కనపడుతుంది.

ఈలోగా నా పాత విద్యార్థి మాతో లేడు. వెతుక్కుంటూ వెళితే మగవాళ్ల హాల్లో ఓ మంచం మీద కూర్చుని పక్కనున్న పెద్దాయనతో మాట్లాడుతున్నాడు. ఆయనకి యాభై ఉంటాయి.

"ఈ చొక్కా నీదేనా?"

"ఇయ్యాల నాది."

ఆ మాట వెనక సంగతి గోడవారన ఉన్న పెద్ద ఇనప బీరువాలో తెలిసింది. ఉతికిన బట్టలన్నీ సైజులవారీగా దొంతర్లు పెట్టి ఉన్నాయి. స్నానాలయ్యాక ఎవరికి పట్టేది వాళ్లకి తొడుగుతారు. లోదుస్తులూ అంతే. దాతలిచ్చిన బట్టలు, చిరుగుల్లేవు, మాసినవి కావు. మా తనిఖీ పత్రంలో "దుస్తులు: శుభ్రముగా ఉన్నవి" అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఏ అడ్డూ లేదు.

భోజనాల హాల్లో దాతల పేర్ల బోర్డు ఉంది. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ ఇక్కడ భోజనం పెట్టించడం ఈ చుట్టుపక్కల ఆనవాయితీ. పెట్టించినవాళ్లు కేకు కోస్తుంటే వీళ్లంతా నిలబడి చప్పట్లు కొట్టి పాట పాడతారు. దాతల ఔదార్యాన్ని తక్కువ చెయ్యను, హోమ్ సగం దాని మీదే నడుస్తోంది. కానీ ఫైళ్లలో ప్రతి ఒక్కరి పుట్టినతేదీ ఉంది, ఆ తేదీలకి కేకు లేదు. నెలలో ఎన్నోసార్లు ముక్కూ మొహం తెలియనివాళ్లకి పాట పాడే మనిషికి తన పుట్టినరోజు ఎప్పుడో తెలియదు.

అందరూ ఇక్కడివాళ్లని "పిల్లలు" అనే అంటారు. ప్రేమతోనే. నాకూ అదే అలవాటు ఉండేది, ప్రయత్నించి మానుకున్నాను. పిల్లలనుకున్నాక సొంత చొక్కా ఎందుకు, టీవీ రిమోటు అందకుండా బీరువా మీద ఎందుకు పెట్టకూడదు అనిపిస్తుంది.

రాత్రి కాపలాకి ఆయమ్మ ఒక్కతే ఉంటుంది, 34 మందికి. ఆవిడ ఆరింటికి వచ్చింది. మాట రాని ఒకావిడ మణికట్టు కొరుక్కుంటుంటే దగ్గరికెళ్లి నోరు తెరిపించి చూసింది. "పన్ను పోటండి. అదొస్తేనే ఇలా చేసిద్ది. ఆకలైతే గ్లాసు దొర్లించిద్ది." ఎవరికి ఫిట్స్ వచ్చేముందు కళ్లెలా తిరుగుతాయో, ఎవరు చీకట్లో పడుకోలేరో ఒక్కొక్కరి గురించీ చెప్పింది. నిలబడే వింటూ రాసుకుంటే నోటుపుస్తకంలో ఏడు పేజీలైంది. ఆ సంగతులేవీ ఏ ఫైల్లోనూ లేవు. ఆవిడ మానేసిన రోజున ఆవిడతోనే వెళ్లిపోతాయి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇదే.

బయల్దేరబోతూ నా విద్యార్థి బాత్రూముకి వెళ్లి, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"టీచర్, గడియ లేదు."

ఉంది, బయటివైపు. లోపలివైపు పీకేసిన మేకుల గుర్తులున్నాయి. లోపల గడియ పెట్టుకున్నప్పుడు ఒకాయనకి ఫిట్స్ వచ్చాయట, తలుపు పగలగొట్టాల్సి వచ్చిందట. కారణం నిజమే. అధికారి తలూపి ముందుకి కదలబోయారు. ఆ తల్లి కదల్లేదు. "మా ఇంట్లో రూపాయి బిళ్లతో బయటినుంచి తిప్పితే తెరుచుకునే గడియ పెట్టించామండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి." అతను మాత్రం నన్ను తలుపు బయట నిలబెట్టి, ఎవరూ రాకుండా చూడమని మరీ చెప్పి లోపలికి వెళ్లాడు.

నివేదిక రాసేటప్పుడు మొదటి అంశంగా గడియే ఉండాలని అతను పట్టుబట్టాడు. అధికారి కాసేపు కలం ఆపి, అలాగే రాశారు. తర్వాత బట్టలు, మందుల సంతకాలు, భోజన సమయం, రాత్రికి రెండో ఆయా, ఆయమ్మ చెప్పే సంగతులకి మనిషికో పుస్తకం.

మళ్లీ మేం వెళ్లింది ఉగాది తర్వాత. వంటమ్మ ఇంకా ఆ ఆరున్నర బస్సుకే వెళుతోంది. రెండో ఆయా రాలేదు. మందుల రిజిస్టరులో ఆ పూట రాత్రి గళ్లు ఖాళీగా ఉన్నాయి. మంచాల కింద పేర్లు రాసిన రేకు పెట్టెలు వచ్చాయి, కొన్నిటికి తాళాలు కూడా. "ఇయ్యాల నాది" అన్న పెద్దాయన మెడలో తాళంచెవి వేలాడుతోంది. నా పాత విద్యార్థి కనపడగానే గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని బాత్రూము దాకా లాక్కెళ్లాడు. కొత్త ఇత్తడి గడియ చూపించాడు. లోపలికెళ్లి తలుపేసుకుని గడియ పెట్టాడు. మేం బయట నిలబడ్డాం. చాలాసేపు నీళ్ల చప్పుడు కూడా లేదు. ఆయమ్మ రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని, తలుపుకి చెవి ఆనించి, "ఉన్నావా బాబూ?" అంది.

"ఉన్నా," అన్నాడు లోపలినుంచి. "మీరెళ్లండి."